ప్రాజెక్టు మొరాయిస్తోందని కోర్సు మార్చాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. రొయ్యల చెరువు నీటిలో డీవో (కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రతలను 5 సెకన్లకోసారి నమోదు చేసే మినీ ప్రాజెక్టును రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పైథాన్‌తో, ఒకే ఫైలులో డేటా దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో చేశాను. మొదట్లో బాగానే నడిచింది. రెండు నెలలు తిరిగేసరికి ఒక్క రోజు రీడింగుల గ్రాఫ్ తెరవడానికి 20 సెకన్లు పడుతోంది. ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని వచ్చి రీడింగులు కూడా పోతున్నాయి. ఎస్‌క్యూలైట్ బొమ్మలాంటిది, సర్వర్‌గా నడిచే మైఎస్‌క్యూఎల్‌ డేటాబేస్‌కి మార్చెయ్యమని స్నేహితులు అంటున్నారు. నాన్నగారు అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కోర్సు ఫీజు ఇప్పుడే కట్టకండి. డేటాబేస్‌ను కూడా మార్చకండి. మీ ప్రాజెక్టు ఇప్పుడే పనికొచ్చే దశకు వచ్చింది. సజావుగా నడిచే మినీ ప్రాజెక్టులు ప్రతి కాలేజీలో బోలెడు ఉంటాయి. ఎందుకు నెమ్మదించిందో కొలిచి, కారణం పట్టుకుని, సరిచేసినవి అరుదు. ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి సరుకు అక్కడే దొరుకుతుంది.

ముందు లెక్క చూద్దాం. 5 సెకన్లకోసారి అంటే రోజుకు 17,280 సార్లు. మూడు సెన్సర్లకు కలిపి 51,840 వరసలు, 60 రోజులకు 31 లక్షల పైమాట. ఎస్‌క్యూలైట్‌కు ఇది బరువే కాదు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్ ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో పనిచేస్తోంది. బొమ్మ అన్న స్నేహితుడి జేబులోనే అలాంటి ఫైళ్లు ఎన్నో ఉంటాయి.

మీరు రెండు సమస్యలు రాశారు. చాలావరకు అది ఒకటే సమస్య. ఎస్‌క్యూలైట్ మామూలు జర్నల్ పద్ధతిలో (మార్చబోయే పాత డేటాను ముందు పక్క ఫైలులో దాచుకునే పద్ధతి) ఉన్నప్పుడు ఒకరు చదువుతున్నంతసేపూ రాసేవారి మార్పు ఫైల్లోకి ఎక్కదు. మీ గ్రాఫ్ పేజీ 20 సెకన్లు చదువుతోంది. సెన్సర్ ప్రోగ్రామేమో పైథాన్ సొంతంగా పెట్టే గడువు ప్రకారం 5 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత ‘లాక్డ్’ అని ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. అంటే ఎవరో గ్రాఫ్ తెరిచినప్పుడే రీడింగులు పోతున్నాయన్నమాట. ఎర్రర్ వచ్చిన సమయాలనూ, పేజీ తెరిచిన సమయాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సరిపోయాయా, సగం పని అయినట్టే. సరిపోకపోతే కమిట్ చేయకుండా (రాసినదాన్ని ఖాయం చేయకుండా) వదిలేసిన కనెక్షనో, మీరు తెరిచి మరిచిపోయిన డేటాబేస్ బ్రౌజరో తాళం పట్టుకుని కూర్చుందేమో వెతకాలి.

ఇక 20 సెకన్ల సంగతి. సెన్సర్ ప్రోగ్రామ్ ఆపి, ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ మీద పనిచేయండి. ఎస్‌క్యూలైట్ షెల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే తెరలో, ‘డాట్ టైమర్ ఆన్’ అని కొట్టి గ్రాఫ్ క్వెరీని (గ్రాఫ్ కోసం డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను) మూడుసార్లు నడపండి. మొదటిసారి ఎస్‌డీ కార్డు నుంచి చదువుతుంది, తర్వాత మెమరీలో ఉన్నది వాడుకుంటుంది, కాబట్టి మూడు అంకెలూ రాసుకోవాలి. తర్వాత అదే క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’ చేర్చి నడపండి. మీ టేబుల్ పేరు రీడింగ్స్ అనుకుందాం; ‘స్కాన్ రీడింగ్స్’ అని వస్తే మొదటి వరస నుంచి చివరి వరస దాకా 31 లక్షలూ తిరగేస్తోందని అర్థం. ‘సెర్చ్ రీడింగ్స్ యూజింగ్ ఇండెక్స్’ అని రావాలి మనకు. ఇండెక్స్ అంటే పుస్తకం చివరి సూచికలా, కావలసిన వరసలను నేరుగా చూపే జాబితా.

మీ క్వెరీలో షరతు బహుశా ‘డేట్’ ఫంక్షన్‌లో టైమ్ కాలమ్‌ను పెట్టి, ఫలానా తేదీకి సమానం అని ఉంటుంది. చాలామంది అలాగే రాస్తారు. కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టేస్తే ఆ కాలమ్ మీద మామూలు ఇండెక్స్ ఉన్నా పనికిరాదు. దాన్ని ‘టైమ్ ఈ రోజు 0 గంటలకు సమానం లేదా ఎక్కువ, రేపు 0 గంటల కంటే తక్కువ’ అని హద్దులుగా మార్చండి. ఇక్కడో మెలిక ఉంది. టైమ్‌ను అక్షరాలుగా దాచినట్టయితే సంవత్సరం, నెల, రోజు వరసలోనే ఉండాలి. మన అలవాటు ప్రకారం రోజును ముందు రాస్తే పోలిక అక్షరాల వరసలో జరిగి, జూన్ 2 కంటే మే 25 పెద్దదైపోతుంది.

ఇప్పుడు ఇండెక్స్. సెన్సర్, టైమ్ ఈ వరసలోనే కట్టండి. సమానం అని అడిగే కాలమ్ ముందు, హద్దులు అడిగే కాలమ్ తర్వాత. తిరగేసి కట్టినా నడుస్తుంది, కానీ మీకు కావలసిన ఒక్క సెన్సర్ కోసం ఆ రోజు మూడు సెన్సర్ల ఎంట్రీలూ చదువుతుంది. మూడో కాలమ్‌గా రీడింగ్ విలువను కూడా చేరిస్తే అసలు టేబుల్ జోలికి పోకుండా ఇండెక్స్‌లోనే పని ముగుస్తుంది. అప్పుడు ప్లాన్‌లో ‘కవరింగ్ ఇండెక్స్’ అని కనిపిస్తుంది. ఊరికే రాదు, ఫైలు పెరుగుతుంది, ప్రతి ఇన్‌సర్ట్‌కూ ఇంకో రాత పని చేరుతుంది. అందుకే కనిపించిన కాలమ్‌కల్లా ఇండెక్స్ పెట్టకూడదు. ఇండెక్స్ కట్టాక ‘అనలైజ్’ ఒకసారి నడపండి, ఏ దారిలో వెతకాలో నిర్ణయించే ప్లానర్‌కు దేన్ని ఎంచుకోవాలో అంచనా దొరుకుతుంది.

అన్నట్టు, గ్రాఫ్‌కు 17,280 చుక్కలు ఎందుకు? స్క్రీన్ అడ్డంగా అన్ని పిక్సెళ్లే ఉండవు. నిమిషానికి ఒక సగటు చొప్పున 1,440 చాలు. డీవోకు మాత్రం సగటుతో పాటు నిమిషంలోని కనిష్ఠం కూడా తీయండి. తెల్లవారుజామున పడిపోయేది అదే కదా, సగటులో మునిగిపోకూడదు.

తర్వాత తాళం పని. ‘ప్రాగ్మా జర్నల్ మోడ్’ అనే సెట్టింగును ‘వాల్’కు మార్చండి. ఇందులో కొత్త మార్పులు ముందు వేరే ఫైలులో పడి, తర్వాత అసలు ఫైలులో కలుస్తాయి. ఒక్కసారి చేస్తే ఫైలులో నిలిచిపోతుంది. ఇక చదివేవారు రాసేవారిని ఆపరు, రాసేవారు చదివేవారిని ఆపరు. ఒకేసారి రాసేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే. పైథాన్ కనెక్షన్‌లో టైమవుట్‌ను 30 సెకన్లకు పెంచండి, ఇది ప్రతి కనెక్షన్‌కూ విడిగా పెట్టాలి. వాల్‌తో ‘సింక్రనస్’ను (రాసింది కార్డులోకి నిజంగా చేరేదాకా ఎంత ఆగాలో చెప్పే సెట్టింగు) ‘నార్మల్’లో ఉంచండి. కరెంటు పోతే చివరి కొన్ని రీడింగులు పోవచ్చుగానీ ఫైలు చెడదు. వేగం కోసం ‘ఆఫ్’ పెట్టమని సలహాలు కనిపిస్తాయి. చెరువు గట్టు మీద కరెంటు సంగతి మీకు తెలిసిందే, ఆ పని చేయకండి.

ఒక్కో రీడింగుకు ఒక్కో కమిట్ చేస్తుంటే రోజుకు 51,840 సార్లు ఎస్‌డీ కార్డు అరుగుతున్నట్టే. ఒక నిమిషంలో వచ్చే 36 రీడింగులను ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఒకే కమిట్‌తో ముగిసే రాతల కట్టలో) వేస్తే 1,440 కమిట్లకు దిగుతుంది. కరెంటు పోతే పోయేది మామూలుగా నిమిషం పైచిలుకు డేటా. డీవో అలారం మాత్రం డేటాబేస్‌ను అడగకుండా, రీడింగ్ వచ్చిన క్షణమే ప్రోగ్రామ్‌లోనే తేల్చాలి.

వాల్ పెట్టాక ఫైలు పక్కన ‘వాల్’, ‘ఎస్‌హెచ్‌ఎం’ తోకలతో మరో రెండు ఫైళ్లు పుడతాయి. చెత్త అనుకుని తుడిచేశారంటే డేటా పోతుంది. నడుస్తున్నప్పుడు అసలు ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లోకి లాగినా కొత్త రీడింగులు రావు, ‘డాట్ బ్యాకప్’ వాడాలి. సాధారణంగా వాల్ ఫైలు 1,000 పేజీలకు, అంటే దాదాపు 4 ఎంబీకి చేరగానే అసలు ఫైలులో కలుస్తుంది. వందల ఎంబీలకు ఉబ్బిందంటే ఎక్కడో చదివే కనెక్షన్ మూయకుండా వదిలేశారు. పాత రీడింగులు డిలీట్ చేసినా ఫైలు చిన్నది కాదు, ‘వాక్యూమ్’ చేయాలి. దానికి అసలు ఫైలుకు రెండింతల దాకా ఖాళీ చోటు కావాల్సి రావచ్చు, కార్డులో చూసుకుని మొదలుపెట్టండి.

పై మార్పులన్నీ ఒకే రాత్రి చేయకండి. ఒక్కో మార్పు, దాని ముందు సమయం, తర్వాత సమయం, ప్లాన్‌లో వచ్చిన వాక్యం ఇలా నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి రాయండి. రెజ్యూమేలో ‘ఎస్‌క్యూలైట్ తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ‘31 లక్షల వరసల మీద గ్రాఫ్ క్వెరీని 20 సెకన్ల నుంచి ఇంతకు తగ్గించాను’ అని మీరు కొలిచిన అంకె వేస్తే ఎలా అని అడుగుతారు. అక్కడి నుంచి ఇంటర్వ్యూ మీ చేతిలో ఉంటుంది.

ఉద్యోగాల మాట సూటిగా చెప్పాలంటే, ‘ఎస్‌క్యూలైట్ డెవలపర్’ అనే పోస్టు మీకు దాదాపు కనపడదు. ఆండ్రాయిడ్ యాప్‌లు, ఎంబెడెడ్ లినక్స్, స్మార్ట్ మీటర్లు, ఐవోటీ గేట్‌వేలు (సెన్సర్ల డేటాను పోగుచేసి నెట్‌కు పంపే పెట్టెలు), కార్లలోని డిస్‌ప్లే వ్యవస్థలు, వాటి టెస్టింగ్ — వీటిలో ఇది రోజువారీ పనిముట్టు. ఈసీఈ వారికి సహజమైన దారి కూడా ఇదే. దీనికి సీ భాష, లినక్స్, కోడ్ మార్పులను దాచే గిట్ జతచేయండి. ఆండ్రాయిడ్ వైపు వెళ్తే యాప్‌లలో డేటా దాచే రూమ్ లైబ్రరీ నేర్చుకోండి, దాని అడుగున ఉన్నది ఎస్‌క్యూలైటే.

నాన్నగారి సలహా తప్పేమీ కాదు. డీబీఏ మంచి వృత్తే, కాకపోతే అది పెద్ద సర్వర్ల బ్యాకప్‌లు, యూజర్లు, రాత్రి షిఫ్టుల ప్రపంచం. ట్రాన్సాక్షన్, ఇండెక్స్, లాక్ అనే మూడూ అక్కడా పునాదులే, వాటిని మీ ప్రాజెక్టు ఖర్చు లేకుండా నేర్పుతోంది. నాలుగో సంవత్సరంలో కూడా మనసు అటే లాగితే అప్పుడు చేరండి.

‘మైఎస్‌క్యూఎల్ ఎందుకు వాడలేదు?’ అని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. ఒకే పరికరం, రాసేది ఒక్క ప్రోగ్రామ్, గట్టు మీద నెట్ నమ్మకం లేదు, సర్వర్‌ను చూసుకునే మనిషి లేడు, అందుకని ఎస్‌క్యూలైట్ అని చెప్పండి. 50 చెరువుల నుంచి గేట్‌వేలన్నీ ఒకే చోట ఒకేసారి రాయాల్సి వస్తే ఆ మధ్య సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ అనే సర్వర్ డేటాబేస్ పెడతానని, గట్టు మీద పెట్టెలో మాత్రం ఎస్‌క్యూలైట్‌నే ఉంచుతానని కూడా చేర్చండి.