ముందు ఆ వాచీ చెయ్యి మార్పించు

నాయనా సుధీర్,

మీ నాన్నకి బీపీ చూసే వాచీ కొన్నావని అక్క చెప్పింది. కవిటిలో ఆయన బీపీని హైదరాబాద్‌లో నీ ఫోన్లో చూస్తావట. ఎంత ముచ్చటేసిందో! ఏ చేతికి పెట్టారే అంటే, "అలవాటే కదా, ఎడమ చేతికి" అంది. గుండె గుభేలుమంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికని రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్నది ఆ చేతికే కదరా! ముందు అక్కకి ఫోన్ చేసి అది తీయించు. ఉత్తరం తర్వాత చదువుదువుగాని.

మీ బాబాయి సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఓసారి జ్వరమొస్తే ఆసుపత్రిలో చేర్చాం. నన్ను బయట కూర్చోమన్నారు. లోపల కొత్త కుర్రాడెవరో ఫిస్టులా చేతికే బీపీ పట్టీ చుట్టి, గంటగంటకీ దానంతటదే బిగిసేలా పెట్టి పోయాడు. జ్వరం మత్తులో ఆయన వద్దనలేకపోయారు. తెల్లారి చెయ్యి తడిమితే, ఎప్పుడూ వేళ్లకింద జుయ్యిమనే నరంలో ఉలుకూ పలుకూ లేదు. రక్తం గడ్డకట్టేసింది. డయాలసిస్ ఆగకూడదని మెడలో పైపు వేశారు. రెండో చేతికి ఆపరేషన్ చేసినా, అది సూదులకి పనికొచ్చేసరికి నెలలు పట్టింది. పైపు తడవకూడదని ఆ దీపావళికి తలంటు కూడా లేదు. "పండగపూట జిడ్డుతలతో కూర్చోబెట్టావు కదే" అని నన్నే ఆడిపోసుకునేవారు, నవ్వుతూనే.

పట్టీలో గాలి నిండే వాచీ అయితే ఆ చేతికి మరీ ప్రమాదం. కుడి చేతికి పెట్టి, మణికట్టు గుండె ఎత్తున ఉంచి చూడాలి. లైటుతో అంచనా కట్టే రకమైతే మామూలు బీపీ మెషీన్‌తో సరిచూస్తుండాలి. ఒక కంపెనీ 28 రోజులకోసారి చెయ్యమంటుంది. కిడ్నీ జబ్బులో రక్తనాళాలు గట్టిపడతాయి, ఆ అంచనా తప్పొచ్చు కూడా.

వాచీ దండగ అనను. డయాలసిస్‌కి ముందూ వెనకా చూసే బీపీకన్నా, మధ్యరోజుల్లో ఇంట్లో ఉండే బీపీయే అసలు సంగతి చెబుతుంది. ఆ అంకెలు డాక్టరుకి చూపిస్తే డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు, సరిచేస్తారు. అంతేగానీ, 180 కనబడగానే టెన్షన్ పడి అక్కడినుంచి మాత్రలు వేయించకు. డయాలసిస్ మెషీన్ ఒంట్లో నీళ్లు లాగేటప్పుడు బీపీ ఢమాల్న పడిపోగలదు. ముందు మామూలు బీపీ మెషీన్‌తో మళ్లీ చూడమను. అప్పుడూ అంతే ఉంటే డాక్టరుకి చెప్పండి. ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికే.

ఇంకోటి. పెరటినిండా కొబ్బరిచెట్లున్న మనిషి. పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్లు మానమన్నా, చాటుగా తాగుతున్నారని నా అనుమానం. అది నీ వాచీకి తెలీదు. ఆదివారం నేనే వచ్చి ఆయనతో గొడవ పెట్టుకుంటాలే.

మీ పిన్ని