కుక్కపిల్లలను చూపించడమే కానుక: తేదీ ఎవరు పెట్టాలి?

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: మా తమ్ముడి కూతురికి మార్చి నెలాఖరులో పదేళ్లు నిండుతాయి. కుక్కపిల్లలంటే ఆ పిల్లకు ప్రాణం. వాళ్లుండేది అద్దె ఇల్లు కావడం వల్ల, యజమాని ఒప్పుకోకపోవడం వల్ల, తమ్ముడూ మరదలూ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు కావడం వల్ల కుక్కను పెంచుకునే వీలు లేదు. అందుకని కుక్కపిల్లను కొనివ్వకుండా, ఒక పూట కుక్కపిల్లల మధ్య గడిపే అవకాశాన్నే కానుకగా ఇవ్వాలనుకున్నాను. జడ్చర్ల దగ్గర లాబ్రడార్లను పెంచి పిల్లలను అమ్మే ఒక బ్రీడర్ తెలిసినవారి ద్వారా పరిచయమయ్యారు. వారి కుక్క మార్చి మొదటి వారంలో ఈనుతుందట. పుట్టినరోజు నాడే మేనకోడలిని, మరో నలుగురు స్నేహితురాళ్లను తీసుకుపోయి, ముందుగా ఏమీ చెప్పకుండా ఆశ్చర్యపరచి, అక్కడే కేకు కోయించాలని నా కోరిక. ఆయన మాత్రం "చూద్దాం లెండమ్మా" అంటున్నారే తప్ప తేదీ ఖాయం చేయడం లేదు. డబ్బులు ఇస్తానని అడగవచ్చునా? ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
ఒక మేనత్త, మిర్యాలగూడ

సమాధానం: పెంచుకోలేని ఇంటికి కుక్కపిల్లను కానుకగా పంపకూడదని మీరు ముందే నిర్ణయించుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. పండుగకో పుట్టినరోజుకో తెచ్చిన పిల్లను ఏడాది తిరగకముందే "ఎవరైనా తీసుకుంటారా డాక్టరు గారూ" అని అడుగుతూ వచ్చే కుటుంబాలను చూసినప్పుడల్లా, ఆ కానుక ఇచ్చినవారు కొంచెం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. మీరు ఆలోచించారు. అయితే మీ ఏర్పాటులో ఒక ముఖ్యమైన విషయం మారాలి. ఈ కానుకకు తేదీ పెట్టే హక్కు తల్లికుక్కదీ, దాని పిల్లలదీ. మీ బ్రీడర్ తేదీ ఖాయం చేయకపోవడాన్ని నేను తప్పుపట్టను సరికదా, ఆయన మీద నాకు నమ్మకం కలగడానికి అదే మొదటి కారణం.

కుక్క చూలుతో ఉండే కాలం సుమారు 63 రోజులు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావడం మామూలే కనుక, ఈనకముందే సందర్శనకు రోజు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. పుట్టిన పిల్లలకు మొదటి పది పద్నాలుగు రోజులు కళ్లు తెరుచుకోవు, చెవులు వినిపించడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది, ఒంటి వేడిని సైతం అవి సొంతంగా నిలుపుకోలేవు. పురుడు వెళ్లని బాలింత గదిలోకి ఊరివాళ్లను పిలవనట్టే, ఆ రోజుల్లో తల్లికుక్క దగ్గరికి కొత్తవారిని పంపకూడదు. ఎంతో సౌమ్యమైన లాబ్రడార్ కూడా పిల్లలను కాచుకునే వేళ పళ్లు చూపవచ్చు, లేదా బెదిరి పాలివ్వడం మానవచ్చు. మార్చి మొదటి వారంలో పుట్టిన పిల్లలకు మీ మేనకోడలి పుట్టినరోజు నాటికి మూడు వారాలు దాటి కొన్ని రోజులే అవుతాయి. అప్పుడప్పుడే తడబడుతూ నడక నేర్చుకుంటూ, ఇంకా తల్లిపాల మీదే ఆధారపడి, ఒక్క టీకా కూడా పడని దశ అది. ఐదుగురు పిల్లల గుంపు అక్కడికి వెళ్లడానికి అది తగిన సమయం కాదు.

మరి ఎప్పుడు వెళ్లాలి? నా లెక్క ప్రకారం ఏప్రిల్ చివరి వారం మంచిది. అప్పటికి పిల్లలకు ఏడు వారాలు నిండుతాయి, తల్లిపాలు దాదాపుగా మాని మెత్తటి ఆహారం తింటుంటాయి. మొదటి టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు కాబట్టి, ఆరో వారంలోనే వేయించారేమో కనుక్కొని, వేసిన తరువాత కనీసం ఒక వారం గడిచాక వెళ్లండి. బడులకు వేసవి సెలవులు కూడా అప్పటికి మొదలవుతాయి. అంతకన్నా ఆలస్యం చేస్తే ఎనిమిది వారాలు నిండిన పిల్లలు ఒక్కొక్కటిగా కొత్త ఇళ్లకు వెళ్లిపోతాయి. ఈ వయసులో సందర్శన కుక్కపిల్లలకు కూడా మేలు చేస్తుందన్న సంగతి మీరు తెలుసుకోవాలి. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల చూసిన మనుషులనూ, విన్న చప్పుళ్లనూ జీవితాంతం భయం లేకుండా స్వీకరిస్తుంది. పదేళ్ల పిల్ల నెమ్మదిగా కూర్చుని ఒడిలోకి రానిస్తే, రేపు ఆ కుక్క వెళ్లబోయే ఇంట్లోని పిల్లలకు అది మేలవుతుంది. బ్రీడర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట చెప్పండి, ఆయనకు అర్థమవుతుంది.

ఆయన భయమంతా ప్రధానంగా పార్వో గురించే అయి ఉంటుంది, అది న్యాయమైన భయం. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా వ్యాపించిన ఈ వైరస్ జబ్బుపడిన కుక్క మలంలో బయటికి వచ్చి, నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. చెప్పుల అడుగున, బట్టల అంచున, చేతుల మీద అది ఒక చోటి నుంచి మరో చోటికి వెళుతుంది. చేతులకు రాసుకునే శానిటైజరు దానిని చంపదు, ఫినాయిలుతో కడిగినంత మాత్రాన పోదు. బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణాన్ని ఒక పాలుకు ముప్పై పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. వాంతులతో, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ఒకే ఈత పిల్లలన్నీ పోయిన సందర్భాలు ప్రతి పశువుల దవాఖానలోనూ ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా రక్షణ ఇంకా పూర్తిగా రాని ఈ వారాలే పిల్లలకు అత్యంత ప్రమాదకరమైనవి. ఆ టీకాను కూడా మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారో వారం దాకా వేయిస్తేనే నమ్మదగిన రక్షణ వస్తుంది. కాబట్టి బయలుదేరే ముందు స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, వేరే చెప్పులు సంచిలో పెట్టుకుని అక్కడికి చేరాక మార్చుకోండి. మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా వెళ్లే దారిలో టీ కోసమో టిఫిన్ కోసమో ఆగినప్పుడు హోటల్ ముందు పడుకున్న కుక్కలను పిల్లలు నిమరకుండా చూసుకోండి. మీలో ఎవరింట్లోనైనా కుక్కకు నలతగా ఉంటే ఆ ఇంటివారు ఈ ప్రయాణానికి రాకూడదు.

ఇక ఆయనతో మాట్లాడే తీరు. "మీకు, మీ కుక్కకు ఇబ్బంది లేని రోజు, లేని వేళ మీరే చెప్పండి, మేము ఇద్దరమో ముగ్గురమో వస్తాము, అరగంట కూర్చుని వెళతాము, కొనడానికి కాదు" అని మొదటే చెప్పాలి. కొనడానికి కాదన్న మాట దాచకూడదు. కొనేవారని ఆశపడి ఆయన సమయం కేటాయించి, ఆ తరువాత నిజం తెలిస్తే బాధపడతారు. ఆయన సమయానికి కొంత డబ్బు ఇస్తానని అడగడంలో తప్పేమీ లేదు, కానీ అది పిల్లకు అడ్వాన్సు కాదని ఇద్దరికీ స్పష్టంగా ఉండాలి. డబ్బు వద్దంటే, పిల్లలకు ఏ దాణా పెడుతున్నారో అడిగి సరిగ్గా అదే కంపెనీది ఒక సంచి తీసుకువెళ్లండి. ఉతికి ఆరేసిన పాత నూలు దుప్పట్లు కూడా ఆ ఇంట్లో ఎంతో పనికివస్తాయి.

ఒకవేళ ఈయనతో కుదరక వేరొకరిని వెతుక్కోవలసి వస్తే, ఎప్పుడైనా రండి, ఎంతమందైనా రండి అనే చోటికి వెళ్లకండి. తల్లిని చూపించని చోట, ఒకే షెడ్డులో నాలుగైదు జాతుల పిల్లలను బోనుల్లో ఉంచిన చోట, "చిన్నగా ఉన్నప్పుడే తీసుకుపోతే తొందరగా మచ్చికవుతుంది" అంటూ ఐదు వారాల పిల్లను చేతిలో పెట్టే చోట ఆ బిడ్డ చూసే దృశ్యం కానుక అనిపించుకోదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, ఒక ఆడకుక్కకు ఏడాదిలో ఒకటికి మించి ఈతలు తీయకూడదు. నమోదు పత్రం ఉందా అని మర్యాదగా అడగడానికి మీరు మొహమాటపడనవసరం లేదు.

ఆ రోజు ఏర్పాటు గురించి. ఏప్రిల్‌లో పాలమూరు ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిర్యాలగూడ నుంచి మూడు గంటలకు పైగా ప్రయాణం కనుక, మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో బంధువులుంటే ముందురోజు రాత్రికే చేరి, ఉదయం ఎనిమిది లోపల వెళ్లడం మేలు. ఆ వయసు కుక్కపిల్లలు రోజులో పద్దెనిమిది గంటలకు పైగా నిద్రపోతాయి. మేల్కొన్న కాసేపు విపరీతంగా ఆడి, ఉన్నట్టుండి ఉన్నచోటే ఒరిగి నిద్రలోకి జారుకుంటాయి. వాటిని ఆడమని లేపకూడదు. స్నేహితురాళ్లు నలుగురూ వస్తే అరుపులు, పరుగులు, ఒకే పిల్ల కోసం పెనుగులాట తప్పవు. ఒక్క స్నేహితురాలు చాలు. ముందుగా తల్లికుక్కను యజమాని సమక్షంలో పలకరించి, అది స్థిమితపడ్డాక పిల్లల దగ్గరికి వెళ్లాలి. అందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, కుక్కపిల్ల తనంతట తాను ఒడిలోకి రావాలి. నిలబడి ఎత్తుకోవడం అసలు వద్దు, ఎందుకంటే గింజుకుని నడుమెత్తు నుంచి జారిపడితే కాలి ఎముక విరగడానికి అంత ఎత్తు చాలు. ఎత్తవలసి వస్తే ఒక చేయి రొమ్ము కింద, మరో చేయి వెనుక భాగం కింద ఉండాలి.

కేకు మాత్రం అక్కడ వద్దు. చాక్లెట్, ఎండుద్రాక్ష కుక్కలకు విషంతో సమానం, ఏడు వారాల పిల్లకు కింద పడిన చిన్న ముక్క చాలు. బెలూన్లు పగిలిన చప్పుడుకు బెదిరిన పిల్ల ఆ భయాన్ని చాలాకాలం మోస్తుంది. కేకు ఇంటికి వచ్చాక కోయండి.

ఈ వయసులో పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. ఆటలో పంటి గాటు పడినా, గోరు గీసుకుని చర్మం చిట్లినా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి; రేబిస్ టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. కుక్కలకు ఈ టీకా మూడు నెలలు నిండాకే వేస్తారు కనుక ఈ పిల్లలకు ఇంకా పడి ఉండదు. తల్లికి ఏటేటా వేయిస్తున్నారా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. నట్టల మందు గురించి కూడా అడగండి. కుక్కపిల్లల పొట్టలోని నట్టల గుడ్లు చేతుల ద్వారా మనుషుల పిల్లలకు సోకుతాయి, అందుకే వాటికి రెండు వారాల వయసు నుంచే ఈ మందు మొదలుపెడతారు. కుక్కపిల్లల దగ్గరి నుంచి లేచిన వెంటనే అందరూ చేతులు కడుక్కోవాలి, కడుక్కునేదాకా ఏమీ తినకూడదు.

ఆశ్చర్యపరచడం గురించి నా అభిప్రాయం మీ అభిప్రాయానికి కొంచెం భిన్నంగా ఉంది. మీ తమ్ముడికీ మరదలికీ ముందే చెప్పి అనుమతి తీసుకోవడం తప్పనిసరి. పిల్లకు ఉబ్బసం వంటిదేమైనా ఉంటే చెప్పగలిగినది వారే. పిల్లకు కూడా పుట్టినరోజు నాడే ఒక కార్డు మీద రాసి చెప్పండి: పిల్లలు పుట్టాయి, పెద్దవయ్యాక చూడడానికి వెళదాము, ఇంటికి మాత్రం తెచ్చుకోము అని. ఈ చివరి మాట ప్రయాణానికి ముందే ఆమెకు తెలిసి ఉండాలి. ఒడిలో పిల్ల నిద్రపోతుండగా "ఇక వెళదాం" అని మొదటిసారి వినడం కన్నా, నెల రోజుల పాటు ఎదురుచూసి, తెలిసి వెళ్లడం ఆ వయసు బిడ్డకు తేలిక. బ్రీడర్‌ను అడిగితే వారానికొక ఫొటో పంపవచ్చు. కళ్లు తెరిచిన రోజు, మొదటి అడుగులు, గిన్నెలో తల పెట్టి తిన్న రోజు చూస్తూ ఉంటే కానుక మార్చిలోనే మొదలైనట్టవుతుంది. చివరి నిమిషంలో ఏ పిల్లకో నలతగా ఉందని ఆయన రావద్దంటే బతిమాలకండి.

ప్రశ్న: మా లాబ్రడార్ ఏడు పిల్లలను పెట్టింది, నాలుగు వారాలు నిండాయి. కాస్త పెరిగాక అమ్ముదామనుకుంటున్నాము. వాడకట్టు పిల్లలు, వారి బంధువులు రోజూ చూడడానికి వస్తున్నారు. కాదంటే నొచ్చుకుంటారు. ఏం చేయాలి?
ఒక గృహిణి, మహబూబ్‌నగర్

సమాధానం: ఈ మూడు వారాలు గట్టిగానే కాదనండి, కారణం పార్వో అని చెప్పండి, పై సమాధానంలో ఆ సంగతంతా ఉంది. మొదటి టీకా వేయించి వారం గడిచాక రోజుకు ఒక్క కుటుంబాన్ని, మీరు ముందుగా చెప్పిన వేళకు మాత్రమే రానివ్వండి. గేటు దగ్గర బ్లీచ్ నీళ్ల తొట్టి పెట్టండి, కానీ తొక్కి రాగానే చెప్పుల మీది వైరస్ చస్తుందని దాని మీదే భరోసా ఉంచవద్దు, చెప్పులు బయటే విప్పించండి. ఆ నీళ్లను ప్రతి రోజూ మార్చాలి, ఎండకు బ్లీచ్ బలం త్వరగా పోతుంది. వచ్చేవారిలో చేతికర్ర పట్టుకున్న తాతగారో, గాజుల చప్పుడు చేసే అవ్వో, నిదానంగా కూర్చోగల పిల్లలో ఉంటే సంతోషంగా రానివ్వండి. ఆ రకరకాల మనుషులకు పిల్లలు అలవాటుపడాలి. తల్లి గుర్రుమన్నా, తోక ముడుచుకుని మూలకు పోయినా ఆ రోజుకు అంతటితో ఆపేయాలి. అమ్మదలుచుకున్నారు కనుక నమోదు విషయం మీ ఊరి పశువైద్యశాలలో ఇప్పుడే విచారించండి, ఎనిమిది వారాలు నిండాకే పిల్లలను పంపండి, టీకాలు వేసిన తేదీలు, నట్టల మందు వేసిన తేదీలు రాసిన కార్డును ప్రతి పిల్లతో పాటు ఇవ్వండి.