‘పాల్పడ్డాడు’ అనవచ్చా?

సందేహం: మా బడిలో తోటి ఉపాధ్యాయురాలి కొడుకు, ఇంటర్ చదివే పిల్లవాడు, ఆత్మహత్య చేసుకున్నాడు. సంతాప తీర్మానంలో ఒకరు ‘ఆత్మహత్యకు పాల్పడి’ అని రాశారు. ఆ ప్రయోగం సరైనదేనా? పరామర్శకు వెళ్తే ఆమెతో ఏం మాట్లాడాలో కూడా మాకు తోచడం లేదు. – ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

సమాధానం: వ్యాకరణ దోషం లేదు. అయినా కొట్టేయండి, ఆ కాగితం తల్లి చదువుతుంది. నేటి వాడుకలో ‘పాల్పడు’ ఏ మాటల పక్కన చేరుతుందో చూడండి: దాడికి, దోపిడీకి, అవినీతికి. ఆ వరసలో ఆమె బిడ్డను నిలబెట్టడం అన్యాయం. ‘అఘాయిత్యానికి ఒడిగట్టాడు’ అనడం ఇంకా ఘోరం. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించిన ఐపీసీ 309వ సెక్షన్‌ను, ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉంచలేదు. చట్టమే వదిలేసిన నేరాన్ని మన క్రియాపదం మోయనక్కర్లేదు. తీర్మానంలో ‘మరణించాడు’ చాలు. కారణం రాయాలో వద్దో ఆ ఇంటివాళ్ళనే అడగండి.

ఇక పరామర్శ. ‘ముందే కనిపెట్టి ఉంటే’, ‘ఒక్క మాట చెప్పి ఉంటే’ – ఈ ‘ఉంటే’ మీ నోట రానివ్వకండి. రాత్రుళ్ళు ఆమె తనను తాను అడుగుతున్నదే అది. ‘ఎందుకిలా చేశాడు’ అనీ అడగొద్దు. ‘ఆ విషయం’, ‘జరిగింది’ అంటూ తప్పుకోకుండా పిల్లవాణ్ణి పేరుతోనే తలచుకోండి. మాట తోచకపోతే ‘ఏమనాలో తెలియట్లేదమ్మా, మిమ్మల్ని చూద్దామని వచ్చాం’ అనండి. నిజం కాబట్టి ఆమె నొచ్చుకోదు.

‘వాడికి గోంగూర పచ్చడంటే ఇష్టం’ అని ఆమె అంటే, ‘ఇష్టంగా తినేవాడు’ అని మీరు భూతకాలంలోకి తిప్పకండి. తెలుగులో ఆ వాక్యానికి క్రియ అక్కర్లేదు, కాబట్టి కాలమూ తేల్చనక్కర్లేదు. ఉన్నవాళ్ళ గురించీ పోయినవాళ్ళ గురించీ అలాగే అనవచ్చు. మన భాషలో నాకు ఎంతో ప్రియమైన వెసులుబాటు ఇది. ‘అవునమ్మా, వాడికి ఇష్టం’ అని మీరూ అనండి.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతారు. అప్పుడు మళ్ళీ వెళ్ళండి. ‘ఏం కావాలన్నా అడగండి’ అంటే ఎవరూ అడగరు. ‘గురువారం క్యారేజీ తెస్తాను’, ‘మీ పేపర్లు నేను దిద్దుతాను’ అనండి. ఆమె నోట గానీ ఇంట్లో మిగతా పిల్లల నోట గానీ ‘నేనూ పోతే బాగుండు’ అన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్ళను ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.