కుట్ర విఫలమైందా, భగ్నమైందా?

సందేహం: ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్‌ను 1605లో చంపబోయిన కుట్ర గురించి పిల్లల పత్రికకు వ్యాసం రాశాను. 'రాజుపై విఫల మతకుట్ర' అని శీర్షిక పెట్టి, లోపల 'మందుగుండు కుట్ర' అని రాశాను. పత్రికవారు 'విఫల' కొట్టేసి 'భగ్నమైన' అని మార్చారు. రెండూ ఒకటే కదా? మిగతా మాటలు సరైనవేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: రెండూ ఒకటి కాదు. 'చర్చలు విఫలం' అంటాం, 'దీక్ష భగ్నం' అంటాం. వీటిని తారుమారు చేసి చూడండి. చర్చలు భగ్నమయ్యాయంటే ఎవరో పనిగట్టుకొని చెడగొట్టారని అర్థం వస్తుంది. దీక్ష విఫలమైందంటే పోలీసుల ఊసు పోయి, కూర్చున్నా ఫలితం దక్కలేదని మాత్రమే మిగులుతుంది. ఫలించనిది విఫలం, విరగగొట్టింది భగ్నం. శివధనుర్భంగం, తపోభంగం, ఊరుభంగం అన్నిట్లోనూ విరిచిన చెయ్యి ఒకటి ఉంటుంది.

మరి మీ కుట్రను విరిచిన చెయ్యి ఉందా? ఉంది. రాబర్ట్ కేట్స్‌బీ నాయకత్వంలో పదముగ్గురు కాథలిక్కులు వెస్ట్‌మిన్‌స్టర్‌లో పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ కింది గదిని అద్దెకు తీసుకొని 36 పీపాల తుపాకిమందు దాచారు. నవంబర్ 5న రాజు పార్లమెంటును ప్రారంభించేటప్పుడు పేల్చాలని పథకం. అక్టోబర్ 26న ఆ సభ సభ్యుడైన మాంటీగిల్ ప్రభువుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సభకు రావద్దని, ఈ పార్లమెంటుకు ఘోరమైన దెబ్బ తగులుతుందని, కొట్టినదెవరో కూడా కనిపించదని దాని సారాంశం. ఆ దెబ్బకు ఇంగ్లీషులో వాడిన మాట 'బ్లో'. అది పిడికిలి దెబ్బా కావచ్చు, పేల్చివేతనూ స్ఫురింపజేయవచ్చు. ఉత్తరం చూసి ఇది మందుపేలుడు గురించేనని రాజే పోల్చుకున్నాడని ప్రభుత్వం తర్వాత ప్రకటించుకుంది. ఆస్థానంవారి పొగడ్తలో ఉప్పు కాస్త ఎక్కువే ఉంటుందనుకోండి. కానీ 1567లో, జేమ్స్ పసివాడుగా ఉండగా, అతని తండ్రి డార్న్‌లీ బస చేసిన ఎడింబరో ఇల్లు మందుపేలుడుకే కూలింది, తండ్రి శవం బయట దొరికింది. అలాంటివాడికి ఆ శ్లేష తట్టడంలో వింత లేదు. నవంబర్ నాలుగో తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో ఆ గదిని సోదా చేస్తే, జాన్ జాన్సన్ అని పేరు చెప్పుకొన్న కుట్రదారు గయ్ ఫాక్స్ దొరికిపోయాడు. కాబట్టి లండన్ కుట్ర భగ్నమైంది. పత్రికవారి దిద్దుబాటు సరైనదే.

అయితే 'విఫల' మాటను పూర్తిగా పారేయకండి. కుట్రలో రెండో భాగం ఒకటుంది. మధ్య ఇంగ్లండ్‌లో తిరుగుబాటు లేవదీసి, తొమ్మిదేళ్ల రాకుమారి ఎలిజబెత్‌ను ఎత్తుకెళ్లి గద్దె ఎక్కించాలనుకున్నారు. వాళ్లు పిలిచినా జనం కదల్లేదు. అది విఫలమైన తిరుగుబాటు. అక్కడ భగ్నం అనడానికి విరగడానికైనా ఏదో ఒకటి నిలబడి ఉండాలిగా!

ఇంకోటి. 'విఫల హత్యాయత్నం' అని పత్రికల్లో తరచు కనిపిస్తుంది. సఫలమైతే దాన్ని హత్య అనే అంటారు, కాబట్టి అక్కడ 'విఫల' దండగ. కుట్ర సంగతి వేరు. నెరవేరినా కుట్రే, నెరవేరకపోయినా కుట్రే. ఫాక్స్ వత్తి అంటించకముందే పట్టుబడ్డాడు గనుక మీరు హత్యాయత్నం అనకుండా కుట్ర అనడం నాకు నచ్చింది.

ఇక 'మతకుట్ర'. ఈ సమాసం విప్పితే తగాదా వస్తుంది. రాజాజ్ఞ అంటే రాజు ఇచ్చిన ఆజ్ఞ. రాజద్రోహం అంటే రాజుకు చేసిన ద్రోహం. మతకుట్ర అంటే మతం చేసిన కుట్రా, మతం మీద చేసిందా, మతం కోసం చేసిందా? మామూలు పాఠకుడు మొదటి అర్థమే తీసుకుంటాడు. అది చరిత్రకు అన్యాయం. ప్రొటెస్టెంట్ రాజ్యమైన ఇంగ్లండ్‌లో జేమ్స్ గద్దెనెక్కితే కాథలిక్కులైన తమ మీద ఆంక్షలు సడలుతాయని ఆశపడి భంగపడ్డ కొద్దిమంది పన్నిన కుట్ర ఇది. కానీ 1606లో వచ్చిన కఠిన చట్టాలు మాత్రం కాథలిక్కులందరి నెత్తినా పడ్డాయి. పార్లమెంటు కూడా ఆ సమాసాన్ని తప్పుగానే విప్పుకుందన్నమాట. 'మతకారణంతో పన్నిన కుట్ర' అనండి, కాస్త పొడవైనా సరే. పొట్టిగా కావాలంటే 'కాథలిక్ కుట్రదారుల పన్నాగం' బాగుంటుంది. వల పన్నడం, ఉచ్చు పన్నడంలో ఉన్న పన్నడమే ఇది. దీర్ఘం మాత్రం మరిచిపోకండి, 'పన్నగం' అంటే పాము.

'మందుగుండు' విషయంలో మీకు నాదో చిన్న అభ్యంతరం. అది మందూ గుండూ కలిసిన ద్వంద్వసమాసం. ఆ పీపాల్లో గుండ్లు లేవు, ఉన్నదంతా తుపాకిమందే. వాడుకలో మందుగుండు అంటే టపాకాయలని కూడా అర్థం స్థిరపడింది కాబట్టి తప్పు అనను గాని, 'తుపాకిమందు కుట్ర' అంటే మరింత కచ్చితం. ఉత్త 'మందు' అని రాశారా, పిల్లలు దగ్గుమందు అనుకుంటారు, వాళ్ల నాన్నలు ఇంకోటి అనుకుంటారు.

ఆ మందుకే ఇంకో ముచ్చట ఉంది. పారిపోయిన కుట్రదారులు నవంబర్ 7న హోల్‌బీచ్ అనే ఇంట్లో తలదాచుకున్నారు. వానకు తడిసిన మందును ఆరబెట్టడానికి నెగడు ముందు పరిచారు. నిప్పురవ్వ పడి భగ్గుమంది. కేట్స్‌బీకి ఒళ్లు కాలింది, జాన్ గ్రాంట్‌కు చూపు పోయింది. మర్నాడు ప్రభుత్వ బలగం ఇల్లు చుట్టుముట్టగానే కేట్స్‌బీతో సహా నలుగురు తుపాకి దెబ్బలకు కూలారు. మీ వ్యాసంలో ఈ ఘట్టం లేకపోతే చేర్చండి. అక్కడ విఫలమూ వద్దు, భగ్నమూ వద్దు. 'మందు వికటించింది' అని నిక్షేపంగా రాయవచ్చు.