చల్లబరిచి చూడకుండా బాగుందని రాయకు

చి. సింధుకు బాబాయి ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. యూరప్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ఉన్న అట్లాస్ డిటెక్టర్‌కు కొత్త లోపలి ట్రాకర్ (కణాల బాటలు గుర్తించే భాగం) ఐటీకే కోసం స్టేవ్‌లు, అంటే సెన్సర్లను మోసే పొడవాటి పలకలు, తయారుచేసే బృందంలో చేరావని తెలిసి చాలా సంతోషం కలిగింది. 2017లో భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం అయ్యాక మీ తరానికి ఈ దారులు బాగా తెరుచుకున్నాయి. ఎంటెక్ చదివి వచ్చింది రోజంతా జిగురు తూచడానికేనా అని దిగులుపడుతున్నావు. ఆ జిగురుతోనే మొదలుపెడతాను. నేను కూలింగ్ పనిలో ఉన్నన్నాళ్ళూ చూసిన పెద్ద చిక్కులు ఎక్కువగా అక్కడే పుట్టాయి.

స్టేవ్ నిర్మాణం నీకు తెలిసిందే. రెండు పలుచటి కార్బన్ ఫైబర్ రేకులు, మధ్యలో తేనెపట్టు అల్లిక, వేడిని లాగే కార్బన్ ఫోమ్, ఆ ఫోమ్‌లో రెండుంపావు మిల్లీమీటర్ల టైటానియం గొట్టం, పైన కణాలను పసిగట్టే సిలికాన్ సెన్సర్ల మాడ్యూళ్ళు. గొట్టం గోడ మందం 0.14 మిల్లీమీటర్లే. కణం దారిలో పదార్థం ఎంత తక్కువుంటే దాని బాట అంత తక్కువ చెదురుతుంది కాబట్టి ఈ పొదుపు. అదే మందంలో స్టీలు పెడితే టైటానియం కన్నా రెట్టింపు అడ్డు. అల్యూమినియం ఇంకా నయమే, కానీ తేమ తగిలిందంటే కార్బన్ పక్కన తుప్పు పడుతుంది.

ఇవన్నీ చలికి ఒకేలా ముడుచుకోవు. మీటరు పొడవుకు, డిగ్రీకి, సిలికాన్ సుమారు 2.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), టైటానియం 8.6, రాగి 17 మైక్రాన్లు తగ్గుతాయి. కార్బన్ ఫైబర్ పోగుల దిశలో దాదాపు కదలదు, కొన్ని రకాలు చల్లబడితే కాస్త పెరుగుతాయి కూడా. 20 డిగ్రీల గదిలో అతికించి మైనస్ 35కి తీసుకెళితే 55 డిగ్రీల తేడా. ఆ తేడా అంతా మోయాల్సింది నువ్వు తూచిన జిగురే.

ఐబీఎల్ సంగతి మీవాళ్ళు చెప్పే ఉంటారు. 2014లో అట్లాస్‌లో కణాలు పరిగెత్తే బీమ్ గొట్టానికి ఆనుకుని అమర్చిన 14 స్టేవ్‌ల పొర అది. 2015లో కాస్మిక్ కిరణాల బాటలు చూస్తుంటే, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారినప్పుడల్లా స్టేవ్ మధ్యభాగం సుమారు 10 మైక్రాన్లు పక్కకు వంగుతోందని బయటపడింది. అక్కడి పిక్సెల్, అంటే సెన్సర్‌లోని ఒక్కో గడి, వెడల్పే 50 మైక్రాన్లు! కారణం వెతికితే, స్టేవ్‌కు ఒక పక్కన అతికించిన ఫ్లెక్స్ కేబుల్. అది ముడుచుకునే తీరు వేరు, స్టేవ్ తీరు వేరు. పైగా రేడియేషన్ పడే కొద్దీ చిప్‌ల కరెంటు మారింది, దాంతో ఉష్ణోగ్రత మారింది, వంపూ మారుతూ పోయింది. చివరికి సెన్సర్ల అసలు స్థానాలను లెక్కగట్టే అలైన్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుకున్నారు. విడిగా కొలిస్తే స్టేవ్ బాగానే ఉంది, కేబులూ బాగానే ఉంది.

మీ ఐటీకేలోనూ అదే కథ వేరే రూపంలో ఎదురైంది. స్ట్రిప్ (సన్నని గీతల్లాంటి సెన్సర్ల) మాడ్యూళ్ళను విడిగా చల్లబరిస్తే నిలబడ్డాయి. స్టేవ్ మీద అతికించాక చల్లబరిస్తే కొన్ని సెన్సర్లు చీలాయి. సెన్సర్ మీద కూర్చున్న రాగి, ప్లాస్టిక్ పొరల బోర్డులు ఒక రకంగా లాగుతుంటే, కింద స్టేవ్ కదలనివ్వదు. మధ్యలో సిలికాన్ పగులుతుంది. బోర్డుకీ సెన్సర్‌కీ నడుమ ఒక కాప్టన్ అనే పలుచటి ప్లాస్టిక్ పొర, మెత్తటి జిగురు పెట్టడం దీనికి ఎంచుకున్న విరుగుడు. ఉత్పత్తి అంతటినీ ఆపి ఆలోచించాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

కాబట్టి అమ్మా, నీ బెంచి మీద ఒక్కటే పట్టుబట్టు: చివరికి డిటెక్టర్‌లో ఏ రూపంలో ఉంటుందో ఆ రూపంలో, పని చేయబోయే చలికన్నా ఇంకొంచెం కిందికి దించి, ఉష్ణోగ్రతను పైకీ కిందికీ చాలాసార్లు తిప్పి చూడనిదే ఏదీ పాసైనట్టు రాయకు. తిప్పడానికి ముందూ తర్వాతా మెట్రాలజీ, అంటే ఆకారం కచ్చితమైన కొలతలు, చెయ్యి. థర్మల్ కెమెరాతో తీసిన చిత్రాల్లో కొత్తగా వేడెక్కిన మచ్చ కనిపిస్తే ఫోమ్ దగ్గర జిగురు ఊడిందేమో అనుమానించు. కలిపిన ప్రతి జిగురు నుంచీ చిన్న నమూనా తీసి, తేదీ, బ్యాచ్ నంబరు, గది తేమ రాసి దాచు. ఫ్రీజర్‌లోంచి ప్రీప్రెగ్ (రెసిన్ పట్టించిన కార్బన్ ఫైబర్) రోలు ఎప్పుడు తీశారో, ఎన్ని గంటలు బయట ఉందో కూడా రాయాలి. ఆర్నెల్ల తర్వాత ఒక స్టేవ్ మొరాయించినప్పుడు ఎక్కడ వెతకాలో ఈ రాతలే చెబుతాయి.

ఇక కూలింగ్. మీ గొట్టాల్లో పారేది మరిగే కార్బన్ డయాక్సైడ్. పాత ట్రాకర్లలో ఫ్లోరోకార్బన్లు వాడారు, అవి లీకైతే వాతావరణానికి కార్బన్ డయాక్సైడ్ కన్నా వేల రెట్లు చేటు. మరిగే నీళ్ళు పొయ్యి మంట పెంచినా వంద డిగ్రీల దగ్గరే ఎలా నిలుస్తాయో, ఇదీ ఒత్తిడిని బట్టి ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిచి వేడిని మోసుకుపోతుంది. మైనస్ 35 దగ్గర కిలోకి 300 కిలోజౌళ్ళు దాటి తీసుకుంటుంది కాబట్టే అంత సన్నని గొట్టం సరిపోతోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కణభౌతిక సంస్థ నిఖెఫ్ వాళ్ళు రూపుదిద్దిన పద్ధతిలో దూరంగా ఉన్న అక్యుములేటర్ అనే తొట్టి ఒత్తిడిని మారుస్తూ డిటెక్టర్ లోపలి చలిని అదుపు చేస్తారు. డిటెక్టర్ లోపల వాల్వు ఉండదు, పాడయ్యేదీ ఉండదు. మంచి ఇంజనీరింగ్ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

ఈ చలి విలాసం కాదు. రేడియేషన్ తిన్న సిలికాన్‌లో లీకేజీ కరెంటు (అక్కర్లేకుండా కారే కరెంటు) సుమారు ప్రతి ఏడు డిగ్రీల పెరుగుదలకు రెట్టింపవుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడి పెరిగితే మళ్ళీ కరెంటు. జిగురు పొరలో ఒక గాలిబుడగ వేడి దారిని మూసినా ఆ చక్రం మొదలుకావచ్చు.

భద్రత విషయంలో మాత్రం మొహమాటపడకు. మైనస్ 35 దగ్గర ఒత్తిడి 12 బార్, అదే 20 డిగ్రీల గదిలో 57 బార్. చల్లటి ద్రవం రెండు మూసిన వాల్వుల మధ్య చిక్కి వేడెక్కితే ఒత్తిడి అంతకన్నా ఎంతో పైకి పోతుంది, గొట్టం పేలుతుంది. రిలీఫ్ వాల్వు లేని ముక్కను మూయనివ్వకు, ఎంత సీనియర్ చెప్పినా సరే. డిజైన్ ఒత్తిడికి 1.43 రెట్లు నొక్కి చూడాలన్నది యూరప్ నియమం. ఆ పరీక్ష అయ్యాకే హీలియం లీక్ టెస్ట్. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, గుంటల్లో చేరుతుంది. అలారం మోగితే బయటికి నడువు, డేటా సేవ్ చేసుకోవడం తర్వాత.

తేమ సంగతి మరువకు. 2013లో ఐబీఎల్ స్టేవ్‌ల మీద వైర్ బాండ్లకు (చిప్‌లను కలిపే సన్నని తీగలకు) తుప్పు కనిపించి పెద్ద హడావుడి జరిగింది. పెట్టెలో పొడి గాలి పారుతుంటేనే చల్లబరచాలి, లోపలి వస్తువు డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబొట్లయ్యే ఉష్ణోగ్రత) దాటి వేడెక్కాకే మూత తీయాలి. మీటింగ్ టైమైందని ముందే తీసేవాళ్ళుంటారు. నువ్వు ఒప్పుకోకు.

ఐటీకే స్ట్రిప్ భాగానికి 392 స్టేవ్‌లు, 384 పెటళ్ళు (ట్రాకర్ రెండు చివర్లలో ఉండే పూరేకుల ఆకారపు పలకలు) కావాలి. కణాల ఢీలను ఇంకా పెంచే కొత్త దశ, హై లూమినాసిటీ ఎల్‌హెచ్‌సీని, 2030లో నడపాలన్నది ప్రణాళిక. అందరికీ టెన్షనే. వారం వారం మీటింగులో "ఎన్ని చేశారు" అని అడుగుతారు. నువ్వు ఎన్ని అతికించారు, ఎన్ని చల్లబరిచి పాసయ్యాయి, ఎన్ని పక్కన పెట్టారు, ఎందుకు అన్నవి విడివిడిగా చూపించు. మొదటి అంకె ఒక్కటే చూపించి ఊరుకుంటే షెడ్యూల్ బాగున్నట్టే కనిపిస్తుంది, ఆ తర్వాత కుప్పగా వెనక్కొస్తాయి.

మీ దగ్గర స్టేవ్‌లను ఎంత చలిదాకా దించుతున్నారో, ఎన్నిసార్లు తిప్పుతున్నారో ఈసారి మెయిల్‌లో రాయి. సైకిల్‌కి ముందూ తర్వాతా తీసిన కెమెరా చిత్రాలు ఒక జత, బయటికి పంపడానికి మీ లీడర్ ఒప్పుకుంటేనే, పంపు. చూసి నాకు తోచింది చెబుతాను.

నీ బాబాయి