రాణి పేరు రెండు ముక్కలు

అమ్మాయీ,

ఇప్పటి జోర్డాన్‌లోని పెట్రా రాజధానిగా ఏలిన పాతకాలపు అరబ్బుల, అంటే నబాతియన్ల, కంచు నాణేల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే "గులాబీ నగరం పెట్రా", "రాజసం ఉట్టిపడే ముఖం" వచ్చేశాయి. ఆ రాజసం నీకు ఎక్కడ కనిపించింది? వెక్కిరింపు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నీ వయసులో నేనూ అంతే. పుస్తకంలో పెద్దది చేసి వేసిన ఫోటో చూసి "అరచేతిని నింపే నాణెం" అని రాసేశాను. అది అచ్చయ్యాక ఒక మ్యూజియంలో అసలుది చూశాను. మన రూపాయి బిళ్ల కన్నా చిన్నది! ఆ పూట అన్నం సయించలేదు.

నబాతియన్ రాజు నాలుగో అరెతస్ (పాలన క్రీ.పూ. 9 – క్రీ.శ. 40) నాణేన్నే తీసుకో. మన తెలుగు బైబిల్లో పౌలు దమస్కు నుంచి గంపలో తప్పించుకున్న చోట వచ్చే "అరెత" రాజు ఈయనే. ఒక పక్క రెండు తలలు, ఒకదాని వెనక ఒకటి. ముందు రాజు: పొడుగు జుట్టు, తలమీద ఆకుల దండ. ఆయన వెనక నుంచి తొంగిచూస్తున్నట్టు రాణి షకీలత్ ముఖం అంచు మాత్రమే. బాగా అరిగిన వాటిలో ఆ అంచు ఒక గీతలా మిగులుతుంది. తిప్పితే, కింద ఒకదాన్నొకటి దాటే రెండు సమృద్ధి కొమ్ములు, అంటే పళ్లూ పంటా నిండిన కొమ్ము బొమ్మలు. వాటి మధ్య నబాతియన్ లిపిలో మూడు వరుసలు: రాజు పేరు ఒక వరుస, చోటు చాలక రాణి పేరు రెండు ముక్కలై రెండు వరుసలు. నువ్వు "సమానత్వానికి ప్రతీక" అని ఒక పేజీ రాశావు. అదంతా కొట్టేసి, ఆ విరిగిన పేరు గురించి రెండు వాక్యాలు రాయి.

రాజు బొమ్మ ఎవరు చెక్కించారన్నదీ చూడాలి. క్రీ.పూ. 58లో స్కారస్ అనే రోమన్ అధికారి తన వెండి నాణెం మీద అంతకు ముందరి నబాతియన్ రాజు మూడో అరెతస్‌ని, లొంగిపోయినట్టు, ఒంటె పక్కన మోకరిల్లబెట్టి, చేతికి ఆలివ్ కొమ్మ ఇచ్చాడు. నిజానికి జరిగింది బేరం: 300 టాలెంట్ల (టాలెంటు అప్పటి తూకం) వెండి అరెతస్ దగ్గర పుచ్చుకుని స్కారస్ సైన్యం వెనక్కి వెళ్లిపోయింది. ఇంత మంచి సరుకుని నువ్వు ఫుట్‌నోట్‌లో పడేశావు!

ఇంకోటి, షకీలత్ ఒక్కతే అనుకున్నావు. ఆ పేరుతో ఇద్దరున్నారు: నాలుగో అరెతస్ రాణి ఒకరు, ఆయన తర్వాతి రాజు మాలికస్ రాణి ఇంకొకరు. చిన్నవయసులో రాజైన రబ్బెల్ పక్కన తల్లిగా కనిపించేది ఈ రెండో ఆవిడే. వాళ్లిద్దరినీ విడదీసి రాసి, పండగ లోపు పంపు.