కథలో వస్తువు వేరు, ఇతివృత్తం వేరు: పిల్లలకు చెప్పడమెలా?

బరంపురంలో ఒడియా మీడియం చదువుతూ, ఇంట్లో తెలుగు నేర్చుకునే పిల్లలకు సాహిత్య ప్రక్రియలు, కథాంగాలు ఎలా పరిచయం చేయాలని అడిగారు.

ప్రక్రియలకు ఒక పూట చాలు. ఛందస్సుకు కట్టుబడేది పద్యం, కట్టుబడనిది వచనం, రెండూ కలిస్తే చంపువు. ఆడి చూపించడానికి రాసేది నాటకం. వచన కవిత ఛందస్సు లేకపోయినా కవిత్వమే. కథ సాధారణంగా ఒకే సమస్య చుట్టూ తిరుగుతుంది, నవలలో చాలా జీవితాలు పడతాయి.

చిక్కంతా వస్తువు, ఇతివృత్తాల దగ్గరే. ఉదాహరణకు, పర్లాకిమిడిలో ఓ తండ్రి తన కొట్టు కూతురే చూసుకోవాలంటాడు. అందుకని ఆమె చాటుగా నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు పెడుతుంది. జవాబు ఉత్తరం తండ్రి చేతిలో పడుతుంది. కార్యకారణాలతో ముడిపడిన ఈ సంఘటనల వరసే ఇతివృత్తం. కథ చెప్పదలచిన అసలు విషయం, అంటే తండ్రి ప్రేమలో దాగిన స్వార్థం, వస్తువు. ఇద్దరి కోరికలూ ఢీకొనడం సంఘర్షణ. పిల్లల చేత కథను ఐదు వాక్యాల్లో రాయించండి. వాక్యాల మధ్య 'అందుకని', 'కానీ' ఇమడక, అన్నిచోట్లా 'తర్వాత' మాత్రమే పడుతుంటే ఇతివృత్తం ఇంకా కుదరలేదన్నమాట. ఊరి పేరు తీసేసినా కథకు ఏ లోటూ రాకపోతే నేపథ్యమూ అంతే.

దృష్టికోణంలో, అంటే కథను ఎవరి కళ్లతో చెబుతున్నామన్న దగ్గర, పిల్లలు తరచూ తడబడతారు: కూతురి 'నేను'తో మొదలుపెట్టి తండ్రి మనసులో మాట రాసేస్తారు. అది ఆమెకెలా తెలిసింది?

సంభాషణల్లో ఒడియా మాటలు దొర్లితే, ఆ పాత్ర అలాగే మాట్లాడేదైతే, దిద్దకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే మరి!